రాతికాళ్ళ ఇల్లు

ఇశ్రాయేలు బర్మా నుంచి పెళ్ళాన్ని వెంటబెట్టుకొస్తున్నాడన్న కబురు, వాళ్ళు నడికుడి స్టేషన్లో రైలు దిగి కాలినడకన రాళ్ళపాలెం వచ్చేలోపలే పల్లెకి చేరిపోయింది. అది పందొమ్మిది వందల నలభై రెండు, ఫిబ్రవరి నెల. రంగూను మీద బాంబులు పడుతున్న రోజులు. బసీన్ పట్నంలో బియ్యం మిల్లు మూతపడితే, పదేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న ఇశ్రాయేలు భార్యనీ రెండేళ్ళ కూతుర్నీ తీసుకుని దొరికిన ఓడెక్కి కాకినాడలో దిగాడు.

ఊరికి తూర్పున, వాగు పక్కన ఉంది కిరస్తానీ పల్లె. పల్లె పల్లెంతా హన్నమ్మ గుడిసె ముందు మూగింది. హన్నమ్మ ఇశ్రాయేలు తల్లి. మొగుడు పోయాక కూలికెళ్ళి కొడుకుని పెంచిన మనిషి. నోరు పెద్దది, ఓర్పు చిన్నది. కొడుకు పక్కన నిలబడ్డ కోడల్ని కిందనుంచి పైకి చూసింది. పొట్టి మనిషి, పసిమి ఛాయ, సన్నని కళ్ళు. నడుముకి పూలపూల లుంగీ.

"ఓయమ్మో, ఆడది లుంగీ కట్టింది చూడండే!" అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

హన్నమ్మ అటు తిరిగి ఒక్క చూపు చూసి మళ్ళీ ఇటు తిరిగింది. "నీ పేరేందే పిల్లా?"

పిల్లకి అర్థం కాలేదు. ఇశ్రాయేలు అందుకున్నాడు. "నో పో, అమ్మా."

"ఏందీ?"

"నో అంటే మనం అమ్మాయి అన్నట్టు. పో అంటే వాళ్ళ కరెన్ భాషలో పువ్వు."

"పువ్వో కాయో నాకు తెలవదు. ఇంటికొచ్చిన కోడల్ని పొద్దున లేచిన కాడ్నుంచి పో, పో అని పిలవమంటావా? ఇరుగూ పొరుగూ ఏమనుకుంటారు, గెంటేస్తన్నా అనుకోరూ?" అంది హన్నమ్మ. కాసేపు ఆలోచించి, "కరుణమ్మ. ఈ పూట నుంచి నువ్వు కరుణమ్మవి," అని తేల్చేసింది.

మూట విప్పితే పిల్ల గుడ్డలు నాలుగు, వాళ్ళ భాష బైబిలు ఒకటి, మూర పొడుగున చెక్కపిడి కత్తి ఒకటి కనబడ్డాయి. హన్నమ్మ కత్తి చేతిలోకి తీసుకుని, "దీన్నేమంటారే?" అని సైగ చేసింది.

"దా," అంది కరుణమ్మ.

హన్నమ్మకి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది. "పేరేమో పో, కత్తేమో దా! ఏం భాషే తల్లీ నీది!"

పల్లె అంతా నవ్వింది. ఎందుకు నవ్వారో తెలియకపోయినా కరుణమ్మ కూడా నవ్వింది. తర్వాత చానా రోజుల వరకు ఆమెకు మళ్ళీ నవ్వే పని పడలేదు.

ఆమె పుట్టింది ఇరవై కాలవలు కలిసే చోట. వాళ్ళ వీధిలో పడవలు నడిచేవి. ఇంటి చుట్టూ వెదురు, ఇంటి కింద నీళ్ళ చెమ్మ. ఇల్లు కావాలంటే నలుగురు అన్నదమ్ములు కత్తులు పట్టుకుని వెదురుపొదల్లోకి పోయేవాళ్ళు, నెల తిరిగేసరికి ఇల్లు లేచి నిలబడేది. ఇక్కడేమో తవ్వితే రాయి. చేలకి గట్లు రాయి, దొడ్లకి కంచెలు రాయి, కలిగినవాళ్ళ ఇళ్ళకి కప్పు కూడా రాయే. ఏప్రిల్ వచ్చేసరికి ఆ రాళ్ళన్నీ కాగి, పొద్దుగూకినా వేడి వదిలేవి కాదు. కరుణమ్మకి ఒళ్ళంతా పేలింది. మంచినీళ్ళ బావికి పోతే దారంతా ఆడవాళ్ళు ఆమె మొహంలోకే చూసేవాళ్ళు. "రంగూనమ్మ" అని పేరు పెట్టారు. రంగూను ఆమె జన్మలో చూసింది ఓడ కోసం కాచుకున్న మూడు రోజులే అని ఎవరికి చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి?

హన్నమ్మ గుడిసె ఒకటే గది. నల్లరేగడి మీద కట్టిన మట్టిగోడ. వానాకాలం నేల ఉబ్బితే గోడ లేచేది, ఎండాకాలం నేల బీటలిస్తే గోడ కూడా బీటలిచ్చేది. పల్లెలో అందరి గోడలూ అంతే. ఏడాదికోసారి బంకమట్టి మెత్తి మళ్ళీ అదే గోడ అనుకునేవాళ్ళు. ఆ బీటల్లో తేళ్ళు కాపరం చేసేవి.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం, చాపమీద నిద్రపోతున్న కూతురు సుందరి కేక పెట్టి లేచింది. ఎర్రతేలు. పిల్ల చెయ్యి మోచేతిదాకా వాచింది. ఇశ్రాయేలు పిల్లని భుజాన వేసుకుని పసరు మందు ఇచ్చేవాళ్ళ దగ్గరికి పరుగెత్తాడు. పిల్ల బతికింది గానీ, మూడు రోజులు పాలు కూడా మింగలేకపోయింది.

నాలుగో రోజు కరుణమ్మ అత్త ముందు కూర్చుంది. ఆమెకి వచ్చిన తెలుగు అప్పటికి గుప్పెడు.

"అత్తా. ఇల్లు కట్టాలి. కాళ్ళ ఇల్లు."

"ఇంటికి కాళ్ళేందే?"

కరుణమ్మ నేలమీద పుల్లతో గీసింది. నిలువు గీతలు వరసగా, వాటి మీద అడ్డంగా ఒక గీత, ఆ పైన కప్పు. కింద ఖాళీ జాగా మీద వేలు పెట్టి, "తేలు ఇక్కడ," అంది. పైన వేలు పెట్టి, "సుందరి ఇక్కడ."

హన్నమ్మ ఆ గీతల వంక చూసి ముక్కుమీద వేలేసుకుంది. ఇశ్రాయేలు మటుకు పెళ్ళాం మాట తేలిగ్గా తీసుకోలేదు. అలాంటి ఇంట్లో పదేళ్ళు బతికినవాడే. "కట్టొచ్చు గానీ, ఇక్కడ దుంగలేవి? నల్లమల నుంచి దుంగ తెస్తే ఫారెస్టోళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు. ఆ మాట అక్కడితో ఆగింది. మరుసటేడు ఎండాకాలంలో గుంటూరులో పట్టాళానికి కూలిదళాలు ఎత్తుతున్నారని తెలిసి అక్కడికి వెళ్తే, బర్మా మాట వచ్చినవాడు గనక అతన్ని వెంటనే తీసుకున్నారు. అస్సాం వైపు రోడ్లు వెయ్యడానికి పంపారు. పోయేరోజు, "యుద్ధం అయిపోగానే వస్తా. వచ్చాక చూద్దాం ఇంటి సంగతి," అన్నాడు.

కరుణమ్మ అతను వచ్చేదాకా ఆగలేదు.

వాగు అవతల నాపరాళ్ళ గని ఉంది. పెదకోటయ్య అనే వడ్డెరాయన అక్కడ మేస్త్రీ. తాత నాటి నుంచి వాళ్ళది రాయి కొట్టే వంశం. ఒకరోజు పొద్దున్నే కరుణమ్మ పిల్లని చంకనేసుకుని గని ఒడ్డున నిలబడింది. పక్కన కంచెకి పాతిన నిలువురాయి ఒకటి ఉంటే, దాన్ని రెండు చేతులా కావలించుకుని ఊపి చూసింది. అది కదల్లేదు.

"ఇది కాలు," అంది పెదకోటయ్యతో. "నాకు ఇది కావాలి. తొమ్మిది."

పెదకోటయ్య సమ్మెట దించి, పక్కనున్న పెళ్ళాం రాఘవమ్మ వైపు చూశాడు. "ఏమంటదే ఈ పిల్ల?"

రాఘవమ్మ బావి దగ్గర అప్పటికే ఈ పిల్లని చూసి ఉంది. "హన్నమ్మ కోడలయ్యా. ఇంటికి రాతికాళ్ళు పెట్టిద్దంట. పల్లెలో నవ్వుకుంటన్నారు."

"నవ్వేదేముంది," అన్నాడు పెదకోటయ్య. "గుళ్ళో మండపం రాతికాళ్ళ మీద నిలబళ్ళా? అమ్మాయ్, పని చేస్తావా? తట్ట మోస్తావా? చేస్తే, అమ్మకానికి పోని వంకర రాళ్ళున్నాయి, అయి తీసుకుపో."

ఆ రోజు నుంచి కరుణమ్మ గనిలో చేరింది. మొదట తట్ట మోసింది. తర్వాత రాయి ముక్కలు ఏరింది. ఆర్నెల్లకి ఉలి పట్టింది. గనిలో ఆడవాళ్ళు ఉలి పట్టడం అంతకుముందు లేదు, పట్టకూడదని ఎవరూ అనలేదు కూడా. చిన్నప్పటి నుంచి కత్తితో వెదురు చీల్చిన చెయ్యి అది. వెదురుకి కణుపు ఎక్కడో కన్ను చెప్పినట్టే, రాయికి పొర ఎక్కడో వేలు చెప్పడం మొదలెట్టింది. పెదకోటయ్య రాయిని కర్రతో కొట్టి వినమనేవాడు. "గంటలాగా మోగిందా, అది గట్టిరాయి. బొంగురుగా పలికిందా, లోపల పగులుంది, అది నిన్ను మోసం చేసిద్ది." ఆమెకి తెలుగు కూడా అక్కడే వచ్చింది. అందుకే జీవితాంతం ఆమె మాటలో వడ్డెవాళ్ళ యాస ఉండిపోయింది.

హన్నమ్మకి మాత్రం తలకొట్టేసినట్టుంది. కోడలు మగవాళ్ళ మధ్య కూర్చుని రాయి కొట్టడమేందని బావి దగ్గర నలుగురూ అంటుంటే, ఇంటికొచ్చి చెంబూ తట్టా విసిరేది. కరుణమ్మ ఆదివారం గుడికి పోయొచ్చి, గుడిసె వెనక జాగాలో గుంటలు తవ్వేది. మొలలోతు తవ్వితే రేగడి పోయి రాయి తగిలింది. ఆ అడుగురాయి మీద నిలువురాయి నిలబెడితే, పైన నేల ఉబ్బినా ఎండినా దానికి పనిలేదు. ఈ సంగతి పెదకోటయ్యకి కూడా తట్టలేదు. గుంటలోకి దిగి చూసి, "ఇంతకాలం మనం గోడల్ని ఉయ్యాల మీద కట్టుకుంటన్నాం గదమ్మా," అన్నాడు.

నలభై నాలుగు మార్చికి తొమ్మిది కాళ్ళు లేచాయి. మూడు వరసలు, వరసకి మూడు. మనిషి ఛాతీ ఎత్తు. ఒక్కో కాలూ బండి మీద వచ్చింది. మోకులు కట్టి గని కూలీలు లాగారు. వాటి మీద రాతిదూలాలు, దూలాల మీద నాపరాళ్ళు పరిచారు. చూడ్డానికి పల్లె అంతా వచ్చింది. కరుణమ్మ సంతోషం పట్టలేక నిచ్చెనెక్కి నడిమధ్య రాయి మీద నిలబడింది. ఆమె వెంట గని కూలీ పిచ్చియ్య, "నేనూ చూస్తా ఆగు," అంటూ ఎక్కాడు. అతను లావుపాటి మనిషి.

రాయి నడిమికి ఫట్టున విరిగింది. ఇద్దరూ విరిగిన ముక్కలతో పాటు కింద పడ్డారు. పెద్ద దెబ్బలు తగల్లేదు. పిచ్చియ్య దుమ్ము దులుపుకుని లేచి, "రంగూనమ్మ ఇల్లు కాళ్ళు విరిగి కూలబడిందిరోయ్!" అన్నాడు. అతను కడుపులో ఏమీ పెట్టుకుని అన్నది కాదు. కానీ అందరూ నవ్వారు. పల్లె దాటి ఊళ్ళోకి కూడా పోయింది ఆ నవ్వు.

కరుణమ్మ విరిగిన రాయి పక్కన కూర్చుని, అంచుని చేత్తో తడుముతూ ఉండిపోయింది. గంటలా మోగిన రాయే అది. పగులు లేదు. మరి ఎందుకు విరిగింది?

పెదకోటయ్య వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "తప్పు రాయిది కాదు, నీది కూడా కాదు. నువ్వు వెదురు లెక్క వేశావు. వెదురు వంగిద్ది, వంగి మోసిద్ది. రాయికి మొయ్యడం తెలుసు, వంగడం తెలవదు. అంత దూరం పరిస్తే అది నడుం విరుచుకుంటది."

"ఏం చెయ్యాలి, బాబాయ్?"

"కాళ్ళు దగ్గర చెయ్యి. తొమ్మిది చాలవు, పదహారు కావాలి."

పదహారు. పరిచినవన్నీ దించాలి. కాళ్ళన్నీ పీకాలి. మళ్ళీ గుంటలు. ఇంకో ఏడాది పని. కరుణమ్మ ఇంటికి పోయి, గంజి తాగి, పిల్లని పక్కలో వేసుకుని పడుకుంది.

మర్నాడు తెల్లారి లేచి చూస్తే హన్నమ్మ ఇంట్లో లేదు. వెనక జాగాలో గునపం చప్పుడు వినిపిస్తోంది. పోయి చూస్తే, అత్త చీర కచ్చ బిగించి గుంట తవ్వుతోంది.

"చూస్తా నిలబడ్డావేందే?" అంది హన్నమ్మ తలెత్తకుండానే. "నవ్వితే నేను నవ్వాలి. నా కోడలివి, నా ఇష్టం. మధ్యలో ఈళ్ళకేంది నవ్వేది? తట్ట పట్టు."

కరుణమ్మ తట్ట పట్టింది. అత్తాకోడళ్ళిద్దరూ ఆ ఏడు గుంటలూ, మార్చిన పాతగుంటలూ కలిపి వాన రాకముందే తవ్వేశారు. హన్నమ్మ తవ్వుతున్నంతసేపూ ఎవర్నో ఒకర్ని తిడుతూనే ఉండేది. ఎండని, రాయిని, పిచ్చియ్యని, యుద్ధాన్ని. కరుణమ్మకి ఆ తిట్లు వింటూ పనిచెయ్యడం హాయిగా ఉండేది. పిచ్చియ్య సిగ్గుపడి రెండు ఆదివారాలు వచ్చి మోకు పట్టాడు. మూడో ఆదివారం పెళ్ళాం పిల్లల్ని కూడా తెచ్చాడు.

పదహారు కాళ్ళమీద నేల నిలబడింది. ఈసారి ముందు పెదకోటయ్యే ఎక్కాడు. తర్వాత పిచ్చియ్య. తర్వాత హన్నమ్మ. చివరికి పదిమంది ఎక్కి గెంతారు. కింద నిలబడి చూస్తున్న కరుణమ్మ ఒక్కో రాయిలోంచి వచ్చే చప్పుడు వింటూ ఉంది. ఒక్కటీ తప్పుగా పలకలేదు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు.

ఊరి కరణం చెన్నకేశవరావు గారు గొడుగు పట్టించుకుని పల్లెకి వచ్చారు. పల్లెలోకి ఆయన రావడం అదే మొదలు. పల్లె మొదట్లోనే నిలబడి కట్టుబడి వంక చూశారు. మగవాళ్ళంతా తలగుడ్డలు తీసి చేత పట్టుకున్నారు.

"ఎవరే ఇది కట్టింది?"

"నేను," అంది కరుణమ్మ.

"ఊళ్ళో నా అరుగు మూడడుగులు. మునసబు అరుగు మూడడుగులు. పల్లెలో నాలుగడుగుల ఎత్తున నేలా? మీరు పైన కూర్చుంటే ఊరు కింద కూర్చోవాలా? దించండి."

"ఎందుకు?" అంది కరుణమ్మ.

ఆమె పొగరుగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. ఆమె పుట్టిన చోట పడవ నడిపేవాడి ఇల్లూ, గ్రామపెద్ద ఇల్లూ ఒకే ఎత్తు కాళ్ళమీద ఉంటాయి, నీళ్ళు అందరికీ ఒకే ఎత్తు వస్తాయి గనక. కానీ ఎందుకని ఆ పల్లెలో కరణాన్ని అంతవరకు ఎవరూ అడగలేదు. కరణం గారి మొహం ఎర్రబడింది.

హన్నమ్మ ముందుకొచ్చి చేతులు కట్టుకుంది. గొంతులో ఎక్కళ్ళేని వినయం.

"అయ్యా, తమరు పొరబడ్డారు. అది నేల కాదు."

"నేల కాకపోతే?"

"అటకండీ. మా నేల ఇదిగో, ఈ కిందది. తమ కాళ్ళకింద మట్టి ఎంత ఎత్తో అంతే. కింద మేకల్ని కట్టుకుంటాం, పైన అటక. ఊళ్ళో అందరి ఇళ్ళలో అటకలున్నాయి గదండీ, తమ ఇంట్లో కూడా ఉంది. తేళ్ళ బాధ పడలేక పిల్లదాన్ని అటకమీద పడుకోబెడితే ఊరికి నామోషీ ఏముంది?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి దగ్గులోకి మార్చారు. కరణం గారు పెదకోటయ్య వైపు తిరిగారు. "ఒరేయ్ కోటయ్యా, నీ మనుషుల్ని పెట్టి ఈ రాళ్ళు పీకించు."

పెదకోటయ్య తలగుడ్డ చేత్తో నలుపుతూ, నెమ్మదిగానే అన్నాడు. "అయ్యా, పని ముగించి నిలబెట్టిన రాయిని పీకడం మా కులంలో లేదండీ. మా వాళ్ళెవరూ చెయ్యరు."

వడ్డెవాళ్ళు కాకపోతే ఆ రాళ్ళు కదిలించే మొనగాళ్ళు ఊళ్ళో లేరు. ఆ సంగతి కరణం గారికీ తెలుసు. గొంతు సవరించుకుని, "అటకంటే అటకే. దాని ముందు అరుగు గిరుగు వేశారంటే ఊరుకోను," అని వెనుదిరిగారు.

ఆయన కనుమరుగయ్యేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత హన్నమ్మ కోడలి చెవిలో గబగబా అంది. "ఏమే, మనకి మేకలేవే? మనిషిని పంపి చూడమంటే?"

పొద్దువాలకముందే రాఘవమ్మ తన మేకల్లో రెంటిని తోలుకొచ్చి రాతికాళ్ళకి కట్టేసింది. "మీ దగ్గరే ఉండనీ వదినా. ఈనితే పిల్ల మీది, తల్లి నాది," అంది. పల్లె ఆ సాయంత్రం నవ్వింది గానీ, ఈ నవ్వు వేరు.

గోడల పని వచ్చేసరికి కరుణమ్మ పుట్టింటి చెయ్యి బయటపడింది. మాచర్ల సంతలో కొన్న వెదుర్లు బండి దిగగానే, కత్తి తీసి ఒక్కో బొంగునీ నిలువునా చీల్చి, పరిచి, అల్లడం మొదలెట్టింది. ఒక పేట నున్నది, ఒక పేట గరుకుది, మధ్యలో చేపపొలుసు లాంటి అల్లిక. పల్లె ఆడవాళ్ళు పనులు మాని చూశారు. "ఇది గోడా, చీరా?" అన్నారు. కావాలన్న వాళ్ళకి నేర్పింది. ఆమె తెలుగు నేర్చుకున్నంత కష్టం వాళ్ళకి పడలేదు. పైన తాటాకు కప్పు. ముందువైపు అరుగు లేదు, కరణం గారు వద్దన్నారు గనక. దాని బదులు ఎనిమిది రాతిమెట్లు పెట్టింది. సాయంత్రం ఆ మెట్లమీద ఎనిమిదిమంది కూర్చోవచ్చు. మెట్లు వద్దని కరణం గారు అనలేదు.

నలభై అయిదు ఈస్టరు ఆదివారం ఉపదేశి కృపాదానం గారు వచ్చి ప్రార్థన చేశారు. కరుణమ్మ మెట్ల కింద చెప్పులు విడిచి ఎక్కింది. ఆమె దేశంలో అదే పద్ధతి. ఆమె వెనక ఎక్కినవాళ్ళందరూ, చెప్పులున్నవాళ్ళూ లేనివాళ్ళూ, కాళ్ళు దులుపుకుని మరీ ఎక్కారు. పెదకోటయ్య దంపతులు కొత్త గుడ్డలు కట్టుకుని వచ్చారు. హన్నమ్మ ఇంట్లోకి రాగానే నేలమీద పడుకుని, చేతులు చాచి, "కింద నుంచి గాలి ఎట్టా వస్తందో చూడండే! వాగొడ్డున పడుకున్నట్టుంది," అని కేకలేసింది. ఆ ఎండాకాలం పల్లెలో ముసలీ ముతకా మధ్యాహ్నాలు ఎక్కడ గడిపారో వేరే చెప్పక్కర్లేదు.

ఇశ్రాయేలు నలభై ఆరులో వచ్చాడు. ఖాకీ నిక్కరు, బూట్లు, కుడిచెయ్యి రెండు వేళ్ళు లేవు. ఉత్తరాల్లో ఇంటి సంగతి కరుణమ్మ ఉపదేశి చేత రాయిస్తూనే ఉంది గానీ, అతను ఏదో పాక అనుకున్నాడు. ఎదురుగా చూసి, ముందు ఇంటి కిందికి దూరాడు. ఒక్కో కాలునీ తట్టుకుంటూ, లెక్కపెట్టుకుంటూ తిరిగాడు. బయటికొచ్చి, "నేను వచ్చాక చూద్దాం అన్నా గదా," అన్నాడు.

"చూడు మరి," అంది కరుణమ్మ.

అతను ఒక ఉత్తరం కూడా తెచ్చాడు. యుద్ధం తర్వాత బసీన్ దాకా పోయిన తోటివాడొకడు ఆమె అన్నని కలిసి తెచ్చిందది. తల్లి పోయింది. వాళ్ళ పల్లె తగలబడిపోయింది. అన్న మళ్ళీ పాతచోటే ఇల్లు కట్టుకున్నాడు. మిల్లు తెరిచారు. ఓడలు నడుస్తున్నాయి, వచ్చెయ్యమని రాశాడు.

కరుణమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తల్లి కోసం తన భాషలో ఏడ్చింది. ఆ ఏడుపులో ఒక్క మాటా అర్థం కాకపోయినా హన్నమ్మ పక్కనుంచి లేవలేదు. మూడో రోజు ఇశ్రాయేలు మెల్లగా అడిగాడు. "పోదామా? నువ్వెట్టా అంటే అట్టా. నువ్వు నా కోసం ఈ రాళ్ళల్లోకి వచ్చావు. నీ కోసం నేను వస్తా."

ఈ మాట నాలుగేళ్ళ కిందట అని ఉంటే కరుణమ్మ నడిచైనా పోయేది. ఇప్పుడు లేచి, మెట్లు దిగి, గనిదాకా పోయి వచ్చింది. వచ్చేసరికి మొహం తేటపడింది.

"అక్కడ మా అన్న కట్టిన ఇల్లుంది. ఇక్కడ నేను కట్టింది ఉంది," అంది. "ఎప్పుడన్నా చూట్టానికి పోదాం. ఉండటానికి కాదు. వంటిల్లు ఇంకా కట్టాలి."

హన్నమ్మ గోడ అవతల నుంచి ఈ మాటలు వింటూనే ఉంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది, పొగ కళ్ళల్లో పడిందని అందరితో చెప్పింది.

వంటిల్లు కట్టారు. తర్వాత పిచ్చియ్య వచ్చి తనకీ అలాంటిదే కావాలన్నాడు. తర్వాత ఉపదేశి గారు. రెండేళ్ళలో పల్లెలో అయిదు ఇళ్ళు రాతికాళ్ళమీద లేచాయి, అన్నింటికీ గుంట ఎక్కడ తవ్వాలో కరుణమ్మే చూపించింది. నలభై ఎనిమిదిలో సంఘంవాళ్ళు పల్లెలో బడి కట్టాలనుకున్నప్పుడు పెదకోటయ్యని పిలిచారు. ఆయనకి చూపు మందగించింది. కర్ర పట్టుకుని వచ్చి అందరి ముందూ చెప్పాడు. "నేను చెయ్యలేను. నా చేతికింద తయారైన మేస్త్రీ ఉంది. మీరు ఆమెని పెట్టుకోండి."

ఆడమనిషి కింద పనిచెయ్యాలా అని పక్కూరి కూలీలు ఇద్దరు వెళ్ళిపోయారు. పద్నాలుగు మంది ఉండిపోయారు. కరుణమ్మ అయిదు నెలలు పొద్దున అందరికంటే ముందు వచ్చి, సాయంత్రం అందరికంటే వెనక పోయింది. నచ్చని రాయిని మొహమాటం లేకుండా వెనక్కి పంపింది. ముప్ఫై రెండు కాళ్ళమీద, గాలి వచ్చే అల్లికగోడలతో బడి లేచింది. మగ మేస్త్రీకి ఇచ్చే కూలే తనకీ ఇవ్వాలని మొదటిరోజే చెప్పింది, అంతే తీసుకుంది.

బడి తెరిచిన రోజు గుంటూరు నుంచి ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చాడు. గదులన్నీ తిరిగి, కిందికి వంగి రాతిదూలాలు చూసి, ఇంత నిఖార్సైన పని చేసిన మేస్త్రీ ఎవరని అడిగాడు. ఉపదేశి గారు జనం వెనక్కి చూశారు. కరుణమ్మ చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. గోళ్ళలో సున్నం ఇంకా ఉంది.

ఇన్‌స్పెక్టరు ఆమె మొహం చూసి, "నువ్వేనా అమ్మా? ఏ ఊరు మీది?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పబోయే లోపల వెనక నుంచి నలుగురైదుగురు ఒక్కసారే "మా ఊరేనండీ!" అన్నారు. అందరిలోకీ హన్నమ్మ గొంతే పెద్దది.

"ఈ ఊరేనండి, రాళ్ళపాలెం," అంది కరుణమ్మ. అవతల వంద మందికి అన్నం వండుతున్నారు, గుండిగ దించడానికి మనుషులు చాలడం లేదని కేక వినబడితే, ఆయనకి దణ్ణం పెట్టి అటు నడిచింది.